గోరువెచ్చని గోడ

ఆ వీధిలో ఎవరికి ఏ ఆపద వచ్చినా పిలవకుండానే వచ్చేవాడు గడ్డి బాబాయి. వట్టి చేతులతో రావడం ఆయనకు తెలీదు, భుజాన ఒక గడ్డి కట్ట వేసుకునే వచ్చేవాడు. పాడి పశువులున్నవాళ్లకు ఎండుగడ్డి అమ్మడం ఆయన వృత్తి. యంత్రం పెట్టెలా బిగించి, తాడు చుట్టి ఇచ్చే ఆ కట్ట ఒక్కటుంటే లోకంలో సగం కష్టాలు తీరతాయని ఆయన నమ్మకం. మిగతా సగానికి రెండు కట్టలు కావాలి.

ఆ నమ్మకం ఊరికే కుదిరింది కాదు. బ్రేకులు పోయిన పాల వ్యాను ఒకటి వీధి వాలులో దూసుకొచ్చినప్పుడు, ఆయన గడ్డి షెడ్డు ముందు పేర్చిన కట్టలే దాన్ని ఆపాయి. వ్యాను గడ్డిలో మొహం దూర్చి ఆగిపోయింది. డ్రైవరు ఒంటిమీద గీత పడకుండా దిగాడు గానీ సాయంత్రం దాకా తుమ్ముతూనే ఉన్నాడు. బాబాయి చెప్పే కథలో ఆ వ్యాను ఏటేటా ఒళ్లు చేసి, ఇప్పుడు ఇంచుమించు రైలింజనంత అయింది. కొట్టు ముందు నూనె ఒలికితే గడ్డి పరిచి జారకుండా చేసిందీ, మేడ మీద చిక్కుకున్న పిల్లి దూకడానికి పరుపు వేసిందీ ఆయనే. పిల్లి మాత్రం మెట్లు దిగి వెళ్లిపోయిందన్న సంగతి పిన్నిని అడిగితేనే తెలిసేది.

పిన్ని ఆయన భార్య. షెడ్డును ఆనుకున్న గదిలో ఇస్త్రీ దుకాణం నడిపేది. రెండింటికీ నడుమ ఒకటే గోడ. ఆ గోడ దాటి ఒక్క గడ్డిపోచ ఇవతలికి వచ్చినా ఆవిడ ఊరుకునేది కాదు. తెల్లచొక్కా మడతలో గడ్డిపోచ దొరికితే ఆ చొక్కా మళ్లీ తన గడప తొక్కదని ఆవిడ భయం. ఇన్నేళ్ల కాపురంలో ఆయన వంట తెలివిని మెచ్చుకుంది, ఈలపాటను మెచ్చుకుంది. గడ్డిని మాత్రం ఒక్కనాడూ మెచ్చుకోలేదు.

ఆ ఏడు వానలు వీధిని కాలువ చేశాయి. నీళ్లు ఇస్త్రీ దుకాణం గడప దాకా వచ్చాయి. లోపల అరల నిండా ఊళ్లోవాళ్ల బట్టలు. బాబాయి గుమ్మానికి అడ్డంగా కట్టలు ఇటుకల్లా పేర్చి, ముందు టార్పాలిన్ కప్పాడు. తీరా చూస్తే కట్టలు తేలిపోసాగాయి. బట్టల కోసం వచ్చినవాళ్లందరినీ వాటి మీద వరసగా కూర్చోబెట్టాడు. సినిమా హాల్లో బెంచీ టికెట్టు వాళ్లలా వాళ్లు కాళ్లు ఊపుకుంటూ కూర్చున్నారు. కాసేపటికి కట్టలు నీళ్లు తాగి బరువెక్కి కదలకుండా నిలిచాయి. ఒక్క జేబురుమాలు కూడా తడవలేదు.

వాన వెలిశాక ఆ తడి కట్టలను ఖాళీ స్థలంలో పారేయమంది పిన్ని. యుద్ధం గెలిచిన సిపాయిలను చెత్తలో వేస్తారా అని ఆయన నొచ్చుకున్నాడు. నీరెండలో కాసేపు ఉంచి, పైన చెయ్యి పెట్టి చూసి, ఆరిపోయాయని తేల్చాడు. షెడ్డు లోపల ఆ గోడ వారనే పేర్చి, పైన పొడి కట్టలు ఎక్కించాడు. అన్నానికి వచ్చిన పిన్ని తమ్ముడు, ఫైరింజను మీద పనిచేసేవాడు, తడిగడ్డి లోలోపల మగ్గి వేడెక్కుతుందని, దానంతటదే అంటుకుంటుందని చెప్పి చూశాడు. మంటలార్పేవాడికి ఐస్‌క్రీములో కూడా పొగే కనిపిస్తుందని బాబాయి నవ్వి కొట్టిపారేశాడు.

కొన్నాళ్లకు గోడ గోరువెచ్చనైంది. బయట ముసురు. ఆరని బట్టలతో సతమతమవుతున్న పిన్ని ఆ గోడ వెంట తాడు కట్టింది. పొద్దున వేసినవి మధ్యాహ్నానికి కరకరలాడాయి. ఆవిడ షెడ్డు దాకా వచ్చి మరీ చెప్పింది.

"ఏవండీ, మీ గడ్డి కూడా ఒక పనికొచ్చిందండీ."

బాబాయి ఆ మాటను పెప్పర్‌మెంటులా రోజంతా చప్పరించాడు. అందుకే మర్నాడు గడ్డిమేటు నుంచి సన్నగా ఆవిరి లేస్తుంటే చూసి కూడా, పొగమంచని తనకు తాను చెప్పుకుని తలుపు వేశాడు. కట్టలు తీస్తే గోడ చల్లారుతుంది. గోడతో పాటు ఆ మెచ్చుకోలూ పోతుంది.

ఓ మధ్యాహ్నం పిన్ని ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి గాలి పీల్చింది. బట్ట మాడబోయే ముందే వాసన పట్టే ముక్కు ఆవిడది. బల్ల మీద బట్టేదీ మాడలేదు, వాసన గోడవతల నుంచి వస్తోంది. తమ్ముడికి ఫోను చేసి, షెడ్డులోకి పరిగెత్తింది.

అప్పటికే ఆ వాసన తగిలి బాబాయి మేటు మీదికెక్కి పై కట్టలు లాగుతున్నాడు. పైకి గట్టిగా కనిపించే మేటు లోపల కాలి బోలుగా మారింది. ఒక కాలు మోకాలి దాకా దిగబడింది. అడుగు నుంచి పొయ్యి నోరు తెరిచినట్టు వేడి తగిలింది. పిన్ని ఆయన్ను చొక్కా పట్టుకుని వెనక్కి ఈడ్చింది. కాలు వచ్చింది, చెప్పు రాలేదు.

బామ్మర్ది వస్తూనే ఇద్దరినీ బయటికి పంపాడు.

"ఇంకొక్క కట్ట లాగి ఉంటే గాలి తగిలి భగ్గుమనేది బావా. ముందు నీళ్లు, తర్వాత లాగడం."

వీధివాళ్లు దుకాణంలో దూరి బట్టలన్నీ మోసుకుపోయారు. తడుపుతూ తడుపుతూ కట్టలు ఒక్కొక్కటే బయటికి లాగారు. గాలి సోకగానే కొన్ని ఎర్రగా కళ్లు తెరిచాయి, నీళ్లు పడి మూసుకున్నాయి. గోడ నల్లబడింది గానీ నిలిచింది. ఆవిరి ఎన్నాళ్లుగా వస్తోందని బామ్మర్ది అడిగాడు. బాబాయి చెప్పాడు.

"మరి నాకు చెప్పలేదేం?" అంది పిన్ని.

"నువ్వు మొదటిసారి మెచ్చుకున్నావు కదా."

ఆవిడ ఆయన వట్టి పాదం వంక చూసింది. బొబ్బ లేదని రూఢి చేసుకున్నాకే నోరు విప్పింది.

"మెచ్చుకోలు కావాలంటే అడగండి. కొంప తగలెట్టుకోకండి."

ఇప్పుడు తడిసిన కట్టలన్నీ ఎరువుగా కూరపాదులకు పోతున్నాయి. పొడి మేట్లలోనూ బాబాయి ఇనపచువ్వ గుచ్చి, కాసేపాగి తీసి, వేడెక్కిందేమోనని పట్టుకుని చూస్తాడు. పిన్ని రోజూ దుకాణం తెరవగానే గోడకు అరచెయ్యి ఆనిస్తుంది.

"చల్లగానే ఉందండీ," అంటుంది. ముసురు రోజుల్లో ఆ గొంతులో కొంచెం బెంగ కూడా ఉంటుంది.

ఆయన కథలో ఆ చెప్పు ఇప్పటికే బూటయింది. మంట మేడంత ఎత్తు లేస్తోంది. గడ్డి గురించి పిన్ని అన్న మాట మాత్రం ఎన్నిసార్లు చెప్పినా ఒక్క అక్షరం పెరగలేదు.