కుప్పలో కుళ్ళుకాయ

మా ఆయన సాయంత్రంపూట మొహం కడుక్కుని, పౌడరు రాసుకుని, తల దువ్వుకుని బయల్దేరడం మొదలుపెట్టిన రోజుల్లోనే ఎక్స్ఎమ్ఎల్ అనే మాట మొదటిసారి నా చెవిన పడింది. రెండువేల సంవత్సరం దాటి మూడో నాలుగో ఏళ్ళయి ఉంటుంది. అమలాపురంలో ఒక మేడమీద వాటాలో అద్దెకుండేవాళ్ళం. ఆయన అంబాజీపేటలో ఒక కొబ్బరి వ్యాపారి ఆఫీసులో కంప్యూటరు పని చూసేవారు. బస్సు దిగి ఇంటికొచ్చి, కాఫీ తాగి, మళ్ళీ పెళ్ళికెళ్తున్నట్టు తయారయ్యేవారు. ఎక్కడికీ అంటే కంప్యూటర్ సెంటరుకి. ఎందుకూ అంటే పరీక్షకి. ఏం పరీక్ష అంటే మాత్రం, "ఎక్స్ఎమ్ఎల్ సర్టిఫికెట్టులే, చెప్పినా నీకు అర్థం కాదు" అనేవారు.

అర్థం కాదన్న దగ్గరే నాకు అనుమానం పట్టుకుంది. నేను బీయస్సీ లెక్కలు చదివినదాన్ని. అయినా పరీక్షకి చదువుకునే మనిషికి పౌడరెందుకు?

నా అనుమానానికి కారణం లేకపోలేదు. మా పెదనాన్నగారు ఏళ్ళ తరబడి సొసైటీ మీటింగని చెప్పి సాయంత్రాలు వెళ్ళేవారు. కాట్రేనికోనలో ఆయనకి ఇంకో సంసారం ఉందని పెద్దమ్మకి తెలిసేసరికి అక్కడి పిల్లవాడు బడికి కూడా వెళ్తున్నాడు. ఆ రోజు పెద్దమ్మ మా ఇంటికొచ్చి వంటింటి గడప మీద కూర్చుని, "ఒక్కమాటైనా అడగలేదే నేను, ఒక్కమాటైనా అడగలేదు" అంది. ఏడవలేదు, అదొక్కటే అంది. పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న నేను, పెళ్ళయ్యాక అన్నీ అడుగుతాననుకున్నాను.

పైగా ఆ ముందు నెలలోనే మా ఆయన ఆఫీసు పనని విశాఖపట్నం వెళ్ళొచ్చారు. అంబాజీపేట కొబ్బరి ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే మనిషికి విశాఖపట్నంలో ఏం పని? తిరిగొచ్చాక రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు. అడిగితే ఎండదెబ్బ అన్నారు. అప్పుడు ఎండల్లేవు. పక్కింటి పిన్నిగారు పిట్టగోడ దగ్గర నిలబడి ఇంకో మాట చెవిన వేశారు. "ఆ సెంటర్లో పాఠం చెప్పేది ఆడపిల్లంటమ్మా. పెళ్ళి కూడా కాలేదంట. నాకెందుకులే గానీ, ఓ కన్నేసి ఉంచు."

మర్నాడు ఆయన బస్సెక్కగానే నేను తిన్నగా ఆ సెంటరుకి వెళ్ళి, పొద్దుటి బ్యాచ్‌లో చేరిపోయాను. పుట్టింటి ఇంటిపేరు చెప్పాను. ఏం నేర్చుకుంటారండీ అని మేడమ్ అడిగితే ఎక్స్ఎమ్ఎల్ అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. నేనూ ఆవిడని ఎగాదిగా చూశాను. పొడుగు జడ, కనకాంబరాలు, కళ్ళజోడు. చక్కగానే ఉంది, అదే నా బాధ.

చెప్పడం కూడా చక్కగా చెప్పేది. డాక్యుమెంటని ఒకటి ఉంటుంది, అందులో మన సమాచారాన్ని ట్యాగులనే గుర్తుల మధ్య రాస్తాం, తెరిచిన ట్యాగుని మళ్ళీ మూయాలి. స్కీమా అని ఇంకొకటి ఉంటుంది. ఏమేం రాయాలి, ఏ వరసలో రాయాలి, ఎక్కడ అంకెలుండాలి, ఎక్కడ అక్షరాలుండాలి అన్నది స్కీమా చెబుతుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, రాసింది తప్పో ఒప్పో తేల్చే ప్రోగ్రాముని వాలిడేటర్ అంటారు. ఎదుటివాళ్ళు చెప్పింది చెప్పినట్టు నమ్మకపోవడం కూడా ఒక చదువేనని తెలిసి నాకు ప్రాణం లేచొచ్చింది.

కానీ ఆ వాలిడేటర్ మీద కూడా నాకు అనుమానమే. మొదటి వారం నేను ఏం రాసినా తప్పుల్లేవనే చెప్పింది. అన్నీ ఒప్పే రాయడానికి నేనేమన్నా మహా మేధావినా? అప్పుడు మా నాన్న చేసే పని గుర్తొచ్చింది. ఆయనది కొబ్బరికాయల వ్యాపారం. లారీకెత్తే ముందు కాయలు ఏరడానికి మనుషుల్ని పెట్టేవారు. వాళ్ళు నిజంగా చూసి ఏరుతున్నారో, కబుర్లు చెప్పుకుంటూ చేతులాడిస్తున్నారో తెలుసుకోవడానికి, ఒక కుళ్ళుకాయని తనే తీసుకెళ్ళి కుప్పలో కలిపేవారు. అది పక్కకి వస్తే సరే. రాకపోతే ఆ పూట ఆయన కేకలకి కళ్ళం అదిరిపోయేది.

నేనూ ఒక కుళ్ళుకాయ వేశాను. పిన్‌కోడ్ అంకెలు రాయాల్సిన చోట కొబ్బరికాయ అని రాశాను. తప్పుల్లేవంది.

"మేడమ్, ఇది చూడట్లేదండీ. ఊరికే తలూపుతోంది."

ఆవిడ వంగి చూసి నవ్వింది. "స్కీమా ఎక్కడుందో మీరు పైన రాయలేదు కదండీ. అది లేకపోతే ట్యాగులు సరిగ్గా మూసేరా లేదా అన్నది మటుకే చూస్తుందండీ. దేంతో పోల్చాలో తెలీక మిగతావన్నీ వదిలేస్తుంది."

ఒక లైను రాసి మళ్ళీ నొక్కింది. తెరంతా ఎర్రబడింది. కొబ్బరికాయ దొరికింది. దాంతోపాటు నాకు తెలియని తప్పు కూడా దొరికింది. నేను ఇంటిపేరు ముందు, పేరు తర్వాత రాశాను. స్కీమాలో పేరు ముందుంది, ఇంటిపేరు తర్వాతుంది.

"మనవాళ్ళందరూ ఇక్కడే పడతారండీ. సాయంత్రం ఒకాయనొస్తారు, ఎన్నిసార్లు చెప్పినా ఇంటిపేరే ముందెడతారు పాపం" అని మళ్ళీ నవ్వింది. ఆ పాపం అన్న మాట నాకు బొత్తిగా నచ్చలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకీ ఒక కుళ్ళుకాయ వేశాను. "పిన్నిగారి అబ్బాయి చెప్పేడండీ, ఎక్స్ఎమ్ఎల్‌లో ట్యాగు తెరిస్తే మళ్ళీ మూయక్కర్లేదంట కదా?" అన్నాను.

"ఆయ్" అని మా కోనసీమ పద్ధతిలో అవుననేశారాయన, పెరుగు కలుపుకుంటూ.

ట్యాగు మూయాలన్నది మొదటిరోజు పాఠం. నెలల తరబడి చదువుతున్న మనిషికి అది తెలియదంటే చదవట్లేదన్నమాట. మరి రోజూ ఎక్కడికి వెళ్తున్నట్టు? ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు. పెద్దమ్మ గొంతే వినపడుతోంది.

మర్నాడు సాయంత్రం ఆయన వెళ్ళిన కాసేపటికి నేనూ వెళ్ళాను. నడిచేను అనడం కంటే ఊడిపడ్డాను అనడం సబబు. మేడమ్ ముందు గదిలో కుర్రాళ్ళ మీద కేకలేస్తోంది. వెనక గదిలో మూల కంప్యూటర్ దగ్గర మా ఆయన ఒక్కరే ఉన్నారు. చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది, పౌడరు ఎప్పుడో కారిపోయింది. తెరంతా ఎరుపు. వెనక నిలబడి చూశాను. ఇంటిపేరు ముందుంది.

"వరస మార్చండి" అన్నాను.

ఆయన ఉలిక్కిపడి లేచారు. "నువ్వా? ఇక్కడికెందుకొచ్చేవు?"

"ట్యాగు మూయక్కర్లేదంటే ఆయ్ అన్నారేంటండీ నిన్న?"

"అన్నానా? ఏమో, నేను వినలేదే. మా షావుకారికి చెప్పీ చెప్పీ ఆ మాట దానంతటదే వచ్చేస్తుంది."

ఒళ్ళు మండిపోయింది. అంటే నేను మాట్లాడినప్పుడల్లా స్కీమా లేకుండానే తప్పుల్లేవని తేల్చేస్తున్నారన్నమాట, పెళ్ళైన దగ్గర్నుంచీ! అక్కడే కడిగేద్దామనుకున్నాను. కానీ ఆయన మళ్ళీ కుర్చీలో కూలబడి, తెరవైపు చూస్తూ చెప్పారు.

"విశాఖపట్నం ఆఫీసు పని మీద వెళ్ళలేదే. ఈ పరీక్ష రాయడానికెళ్ళేను. పోయింది. నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు. మళ్ళీ పోతే ఇంక ఎప్పటికీ ఆ కొబ్బరి ఆఫీసేనే."

అబద్ధం ఉంది. నేను వెతికిన చోట మటుకు లేదు. నాకు కోపమొచ్చింది, సిగ్గేసింది, అన్నిటికంటే ఎక్కువగా అనుమానం తీరింది. పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మేడమ్ తొంగిచూసి, "మీరిద్దరూ ఒకళ్ళకొకళ్ళు తెలుసాండీ?" అంది. మా ఆయనేనండీ అన్నాను. పెళ్ళిచూపుల్లో కూడా ఆ మాట అంత గట్టిగా అనుకోలేదు.

అప్పట్నుంచి రోజూ రాత్రి భోజనాలయ్యాక చదివించేదాన్ని. నాన్న కుప్ప కథ కూడా చెప్పాను. తప్పులు కలిపిన డాక్యుమెంట్లు రాసిచ్చి, పట్టుకోండి చూద్దాం అనేదాన్ని. మొదట్లో సగం వదిలేసేవారు. తర్వాత తర్వాత నేను వేయని తప్పులు కూడా పట్టుకోసాగారు. వింటున్నారా అంటే ఆయ్ అనడం మానేసి, నేను చెప్పింది తిరిగి అప్పజెప్పేవారు.

పరీక్షకి నేనూ వస్తానన్నాను. "కాపలాకా?" అన్నారు. ఆయ్ అన్నాను.

విశాఖపట్నంలో ఆ సెంటరు మెట్ల దగ్గర కూర్చున్నాను. అక్కడ పరీక్ష కంప్యూటర్ మీదే, ఫలితం కాగితం అప్పటికప్పుడే చేతికిస్తారు. ఆయన దిగి వచ్చారు. మొహం వేలాడేసుకుని ఉన్నారు.

"పోయిందే" అన్నారు.

"పోతే పోయింది. మళ్ళీ రాద్దురుగాని. పొద్దుట్నుంచీ ఏం తినలేదు, పదండి" అన్నాను.

హోటల్లో అరిటాకులు వేశారు. నేను సాంబారు ఆయన ఆకు వైపు జరుపుతూ, ఈసారి ఎక్కడ గట్టిగా చదవాలో చెబుతున్నాను. ఆయన ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆపేశారు. ఎడంచేత్తో చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి నా ముందు పెట్టారు. పాసయ్యారు.

"కుళ్ళుకాయ వేసేను. పట్టుకోలేదే నువ్వు!" అని నవ్వుతున్నారు.

హోటలని కూడా చూడకుండా నాలుగు దులిపేశాను. పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు. ఆయన నవ్వుతూనే ఉన్నారు. తిడుతూ తిడుతూ ఉండగానే నాకు తట్టింది. పిన్‌కోడ్‌ని కూడా నమ్మనిదాన్ని, ఆయన పోయిందనగానే నమ్మేశాను. ఏదీ, కాగితం చూపించండి అని ఒక్కమాటైనా అడగలేదు నేను.