లంకలో పగటి నిద్ర

తొంభైల నడిమి సంవత్సరాలవి. రావులపాలేనికి ఎగువన, గోదావరి మధ్యనున్న లంకలో మేము అరటితోట కౌలుకి చేసేవాళ్లం. నాకు పెళ్లయి రెండేళ్లు. జ్వరమొచ్చినా పనికి పోయే ఒళ్లు నాది.

ఆ రోజు పొద్దున్నే గెలలు కోసి, భుజాన మోసి పడవకి చేర్చాం. మధ్యాహ్నం ఊళ్లో చుట్టాలింట గృహప్రవేశం. మంచి ఆకలి మీద ఉన్నానేమో, బూరెలు, పులిహోర, పరమాన్నం పొట్ట పట్టినంతా తిన్నాను. తోటలో పని మిగిలి ఉండడంతో మళ్లీ లంకకి వచ్చి, కాసేపు నడుం వాలుద్దామని పాకలో మంచమెక్కాను.

మెలకువ వచ్చేసరికి ఎండ ఇంకా ఉంది. లేవబోయాను. కాళ్లు రాలేదు.

తిమ్మిరెక్కిందనుకున్నాను. కానీ తిమ్మిరైతే స్పర్శ మొద్దుబారుతుంది. నాకు అన్నీ తెలుస్తున్నాయి. మంచం నులక పిక్కల్లోకి దిగడం తెలుస్తోంది. గండుచీమ ఒకటి బొటనవేలెక్కి, పాదం దాటి, మోకాలి మీదికి పాకడం తెలుస్తోంది. దాన్ని విదిలించుకోవడమే నావల్ల కావడం లేదు. చెయ్యెత్తబోతే వేళ్లు కాస్త ముడుచుకుని చల్లగా జారిపోయాయి. బయట అరటాకులు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. కొత్త చీర కట్టుకుని ఎవరో పాక చుట్టూ తిరుగుతున్నట్టుంది ఆ చప్పుడు.

"ఎవరదీ?" అన్నాను. గొంతు పలికింది. చప్పుడు ఆగింది. చీమ తొడ దాకా వచ్చి, అదీ ఆగింది.

పొద్దు వాలుతుండగా నా భార్య నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"ఏంటండీ, ఇంకా పడుకునే ఉన్నారు?"

"లేవలేకపోతున్నానే."

వేళాకోళమనుకుని నవ్వి, నా కాలు పట్టుకుని ఎత్తి వదిలింది. అది దబ్బున మంచం మీద పడింది. ఆమె నవ్వు అక్కడితో ఆగిపోయింది.

కబురు తెలిసి అమ్మ వచ్చి చూసి, "వీడికి గాలి సోకిందమ్మా" అని, ఊళ్లో తాయెత్తులు కట్టే పెద్దాయన్ని పడవలో రప్పించింది. ఆయన వేపమండలతో దిగదుడిచి, జబ్బకి తాయెత్తు కట్టాడు. దీపాలు పెట్టే వేళకి బొటనవేలు కదిలింది. ఆ తర్వాత మడమ, మోకాలు. నా కాళ్ల మీద నేనే నడిచి పడవెక్కాను. అమ్మ తాయెత్తుని కళ్లకద్దుకుంది. నిజం చెప్పాలంటే, నేనూ నమ్మాను.

రెండోసారి ఊళ్లో ఇంట్లోనే వచ్చింది. ముందురోజంతా అరటి పిలకలు తవ్వి నాటాం. ఆ రోజు పండగ. బొబ్బట్లు తిని పడుకున్నవాణ్ణి, మెలకువ వచ్చేసరికి ఈసారి మెడ కూడా నిలవలేదు. తాయెత్తు జబ్బకే ఉంది. అమ్మ దాన్ని చూసి, నా మొహం చూసి, మంచం దగ్గర్నుంచి ఒకడుగు వెనక్కి వేసింది. కన్నతల్లి నన్ను చూసి భయపడడం అదొక్కసారే చూశాను.

"అత్తయ్యా, ఇంక మంత్రాలొద్దండి. కారు పిలిపించండి" అంది నా భార్య.

గోదావరి వంతెన దాటుతున్నంతసేపూ నా తల ఆమె ఒళ్లో ఉంది. కిటికీలోంచి ఆకాశం, ఒక స్తంభం, మళ్లీ ఆకాశం. ఊపిరి ఆగిపోయినా, వీళ్ల ఏడుపులన్నీ ఇలాగే వింటూ పడుంటానేమో అనిపించింది.

రాజమండ్రి డాక్టరుగారు గుండె పరీక్ష, రక్త పరీక్ష చేయించారు. నేను ఏం పని చేశానో, ఏం తిన్నానో ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నారు. "రక్తంలో పొటాషియం పడిపోయిందమ్మా" అన్నారు. కొందరి ఒంటి తత్వం అంతేనట. బాగా కష్టపడి, ఒకేసారి తీపీ అన్నమూ ఎక్కువగా తిని పడుకుంటే, రక్తంలో ఉండాల్సిన పొటాషియం కండల్లోకి పోతుందట. దాంతో కండలు మాట వినవట. అక్కడే మందు తాగించారు. సాయంత్రానికి పిడికిలి బిగించగలిగాను.

"తోట ఉందంటున్నావు. అరటిపళ్లు తింటావా?" అని అడిగారు.

"మేం తినమండి. మంచివి బజారుకి పోతాయి, మచ్చపడ్డవి గేదెలకి వేస్తాం."

ఆయన నవ్వలేదు. "తిను. రోజుకొకటో రెండో, ఒకేసారి డజను పళ్ల అత్తం ఖాళీ చెయ్యకు. కొబ్బరినీళ్లు, పప్పు, ఆకుకూరలు, కంద, టమాటా ఏదో ఒకటి పూటపూటా ఉండాలి. అలాగని మందు మానెయ్యకు. ఇంట్లో కిడ్నీ జబ్బున్నవాళ్లెవరైనా ఉంటే వాళ్లకి మాత్రం ఇవన్నీ పెట్టేయకండి, వాళ్లకి ప్రమాదం."

ఆ తర్వాత మా వంటిల్లు మారింది. ఆకుకూర ఉడికించిన నీళ్లు పారబొయ్యకుండా నా భార్య పప్పులోనే కలిపేది. కంద బచ్చలికూర తరచు వండేది. పండగనాడు కూడా నాకు ఒక్క బూరే. తోటకి వెళ్లేటప్పుడు చక్రకేళి అరటిపండు చేతిలో పెట్టి, నేను తినేదాకా గుమ్మంలోనే నిలబడేది. అమ్మ తాయెత్తు తియ్యనివ్వలేదు, కందకూర వడ్డించడమూ మానలేదు. నాకు మళ్లీ అలా రాలేదు.

కొన్నాళ్లకి పక్క తోట ముసలమ్మ నా సంగతి తెలిసి వచ్చింది. ఆమె భర్త చాలా ఏళ్ల క్రితం వరదలో పోయాడు. తాగి పాకలో పడుకుని, నీళ్లొస్తున్నా లేవలేదని ఊరంతా చెప్పుకునేవారు.

"నీకు ఎలాగుంటది బాబూ అప్పుడు?" అనడిగింది. చెప్పాను. చీమ సంగతి కూడా చెప్పాను.

"ఆయనకీ అలాగే అయ్యేది. ఎవరికీ చెప్పొద్దనేవాడు. వరదొచ్చిన మధ్యాహ్నం పడవోళ్లు పాక బయట కేకేశారంట. 'లేవలేకపోతన్నాను' అన్నాడంట లోపల్నుంచి. తాగున్నాడు, ఆడే లేచొత్తాడులే అని పోయారు."

అంటే, ఆయనకి గొంతు పలికింది. అడుగులు దూరమవడం వినిపించింది. చల్లటి నీళ్లు పాదాలకి తగలడం తెలిసింది. అన్నీ తెలిశాయి.

"మా అబ్బాయికీ ఈమధ్య నిద్ర లేచేసరికి కాళ్లు రావట్లేదంటన్నాడు" అంది మళ్లీ. ఆ అబ్బాయికి పెళ్లయింది, అరటి బజారులో లారీలకి లోడెత్తుతాడు. మర్నాడే నేను వెంటబెట్టుకుని డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాను. అదే జబ్బు. అవే మందులు, అదే తిండి. ఇప్పటికీ పనిచేసుకుంటున్నాడు.

తిరిగొచ్చి ముసలమ్మకి చెబితే ఏడవలేదు. "అయితే ఆయన తాగలేదు కదా బాబూ?" అంది.

"తాగలేదమ్మా. లేవలేకపోయి ఉంటాడు."

ఆ సాయంత్రమే ఆమె రేవు దగ్గర పడవవాళ్ల ఇళ్లకి వెళ్లిందట. ప్రతి గుమ్మం ముందూ ఆగి, లోపలికి రమ్మన్నా వెళ్లకుండా, "మా ఆయన తాగలేదు" అని ఒక్క మాట చెప్పి కదిలిందట. వరద రోజు కేకేసినవాళ్లలో ఇంకా బతికున్న ఒకాయన మాత్రం అరుగు దిగివచ్చి, ఆమె వెళ్లేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడట.