మాటల్లేని పెళ్ళికూతురు

మొన్న తెల్లవారుతూనే ఎదురు ఫ్లాట్ అమ్మాయి తలుపు తట్టి, "అక్కా, అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయింది" అంది. దుబాయ్ అల్ నహ్దాలో మా అంతస్తు వాళ్ళందరికీ ఆవిడ మేడమే.

మేడం కాకినాడ కాలేజీలో ఇంగ్లీషు నాటకాలు చెప్పి, రిటైరై కూతురి దగ్గరికి వచ్చారు. ఆదివారాలు మమ్మల్ని తన హాల్లో పోగేసి, నాలుగు వందల ఏళ్ళ నాటి నాటకాలను తెలుగు చేసి చదివించేవారు. భూస్వాముల పెళ్ళిళ్ళు, పరువులు, పంతాలు. "పేర్లు తీసేస్తే మన చుట్టాలే" అనేవారు. ఎవరికీ నప్పే వేషం ఇచ్చేవారు కాదు. గొంతు పెగలని నాకు ఎప్పుడూ కేకలేసే జమీందారే.

ఒక ఏడు, మాతోనే ఉంటున్న మా ఆడపడుచు పెళ్ళి మాటలొచ్చాయి. మా ఆయన ఒక సంబంధానికి మాటిచ్చేశారు. బర్ దుబాయ్‌లో ఉండే వాళ్ళ బావగారు, అంటే వాళ్ళక్క భర్త, ఇంకోదానికి మాటిచ్చారు. "ఆయన ముందు నా మాట పోవాలా? ఇదే ఖాయం, ఖలాస్!" అని ఈయన. రెండిళ్ళకీ మాటల్లేవు. ఆ పిల్ల మాత్రం డేరాలో ఆఫీసు నుంచి వచ్చి గది తలుపేసుకునేది.

ఆ ఆదివారం మేడం మా ఆయన్నీ లాక్కొచ్చారు. "బాబూ, మీరు పెళ్ళికూతురు." అందరం నవ్వాం. నెత్తిన చున్నీతో, చేతిలో కాగితాలతో కర్టెన్ పక్కన నిలబడ్డారు. పిల్లని ఎవరికివ్వాలో తేల్చేది తానంటే తానని ఇద్దరు పెద్దమనుషులు కత్తులు దూసుకునే సీను అది. నేనూ కేకలేశాను.

"నా డైలాగెప్పుడండీ, మేడం?"

"లేదు బాబూ. సీనంతా ఆ అమ్మాయి గురించే. మాటలు మాత్రం లేవు."

"మరెందుకు నిలబెట్టినట్టు?"

"నేనూ క్లాసులో ఏటా అదే అడిగేదాన్ని."

సోఫాలోంచి మా ఆడపడుచు పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆ సాయంత్రం టీ తాగుతూ చెల్లెలితో, "నువ్వేమంటావే?" అన్నారు.

"నన్నేనా అన్నయ్యా?" అని కప్పు కింద పెట్టి, "రెండూ వద్దు" అంది.

ఆయనే రెండు సంబంధాల వాళ్ళకీ ఫోన్ చేసి కాదన్నారు. బావగారు చాన్నాళ్ళు మా గడప తొక్కలేదు.

నాటకం వల్లే మారారా, పంతాలకి విసిగిపోయారా? నాకిప్పటికీ తెలీదు. మేడాన్ని అడిగితే, "నాటకానికి అంత శక్తే ఉంటే ఇవి పుట్టిన దేశంలో ఆడపిల్లలు ఎప్పుడో బాగుపడేవాళ్ళమ్మా. మీ ఆయన మంచివాడు, అంతే" అన్నారు.

నిన్న పరామర్శకి వెళ్ళాం. హాలు నిండా కుర్చీలు వేశారు. మా ఆడపడుచు ఒకటి జరిపి, "కూర్చో అన్నయ్యా" అంది. ఆయన కూర్చోలేదు. వెళ్ళి ఆ కర్టెన్ పక్కనే, చేతులు కట్టుకుని, మాట్లాడకుండా నిలబడ్డారు.