ఉచిత డెలివరీ, నాలుగు రోజులు

మా అత్త నెబ్యులైజర్‌ని పొగ మిషన్ అనేది. మందు నీళ్లు పోసి, మాస్కు ముక్కుకు తగిలించి, మీట నొక్కితే గుర్రుమంటూ తెల్లటి పొగ వస్తుంది కాబట్టి ఆ పేరు. కోవిల్‌పట్టిలోని అగ్గిపెట్టెల ఆఫీసులో ముప్పై ఏళ్లు పని చేసిన మనిషి ఆమె. మా వైపు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీని ఆఫీసు అనే అంటారు. పుల్లల తలలకు మందు అద్దే చోట పీల్చిన గాలి ఆమె రొమ్ములో కూర్చుండిపోయింది. ఎండాకాలం బాగానే తిరిగేది. కార్తీకంలో వానలు పట్టాయంటే మాత్రం పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ పొగ పీల్చకపోతే ఆమెకు పూట గడిచేది కాదు.

రెండేళ్ల కిందట అలాంటి వానల్లో, ఒక బుధవారం, మిషన్ పాడైంది.

"పాపా, ఇది గుర్రుమంటాది గానీ పొగ రాలేదే," అంది అత్త నాతో, వంటింటి గడపలో నిలబడి.

నేను గొట్టం ఊడదీసి కడిగాను. మందు పోసే గిన్నె మార్చాను. అయినా రాలేదు. మా ఊరు కోవిల్‌పట్టికి కడంబూరుకి నడుమ, తమిళ నాట ఉంటుంది; మా ఇంట్లో మాత్రం తెలుగే. అప్పుడు ఇంట్లో మేమిద్దరమే. ఆమె కొడుకు, మా ఆయన, అగ్గిపెట్టెల లోడు వేసుకుని లారీతో ఆంధ్రా వెళ్లాడు. మా అమ్మాయి మదురై హాస్టల్లో ఉంది. కోవిల్‌పట్టి బస్టాండు దగ్గర మేము మామూలుగా కొనే మందుల అంగడికి ఫోన్ చేస్తే, మిషన్ ఒకటే ఉంది, రమ్మన్నారు. ధర కూడా చెప్పారు. ఎందుకైనా మంచిదని ఫోన్లో వెతికాను. అదే మిషన్ మూడు వందలకు పైగా తక్కువకు దొరుకుతోంది.

చిరునామా అంతా నింపాక చివర్లో రెండు వరుసలు కనిపించాయి. రేపే కావాలంటే డెలివరీకి ఎనభై తొమ్మిది రూపాయలు. నాలుగు రోజులు ఆగితే ఉచితం.

నేను డబ్బుకు ఇబ్బంది పడుతున్న మనిషినేం కాదు. కోవిల్‌పట్టికి ఒకసారి పోయి వస్తే బస్సు టికెట్లు, కాఫీ, మూర మల్లెపూలు, అత్తకు ఇష్టమైన వేరుశనగల కడలై మిఠాయి, అన్నీ కలిపి ఎనభై తొమ్మిది ఎప్పుడో దాటిపోతాయి. ఆ ఖర్చు ఏ రోజూ బాధ పెట్టలేదు. కానీ వాకిలి దాకా తెచ్చినందుకు వేరే ఇవ్వాలంటే చెయ్యి రాలేదు. మా ఊళ్లోకి ఉప్పు బండి వస్తుంది, చీరల మూట వస్తుంది, స్టీలు సామాన్ల సైకిలు వస్తుంది. వాళ్లెవరూ సరుకుకు వెల చెప్పి, నడిచొచ్చినందుకు ఇంకొక వెల అడగలేదు. అందుకే అది నాకు ఖర్చులా కాక మోసంలా తోచింది. పైగా అత్త దగ్గర నోట్లో మందు కొట్టుకునే ఇన్హేలర్ పంపు ఉంది. నాలుగు రోజులే కదా అనుకుని, ఉచితం అన్న చోట నొక్కాను.

"ఎప్పుడొస్తాది?" అంది అత్త.

"ఆదివారం, అత్తా."

"సరే. పంపు ఉండాది గదా," అంది.

గురువారం, శుక్రవారం వాన వదల్లేదు. నేను గంటకోసారి ఫోన్ తెరిచి చూసేదాన్ని. సామాను చెన్నై దాటింది, మదురై దాటింది, విరుదునగర్ చేరింది. అక్కడ ఆగిపోయింది. శనివారం పొద్దున చూసినా విరుదునగరే, సాయంత్రం చూసినా విరుదునగరే. ఇంట్లో అత్త ఊపిరి మాత్రం గట్టిపడుతోంది. తాటాకును నేల మీద ఈడ్చినట్టు ఒక చప్పుడు. ఉల్లిపాయలు తరుగుతూ దాన్నే వినేదాన్ని. చప్పుడు వినిపిస్తే భయం వేసేది. వినిపించకపోతే ఇంకా భయం వేసి, కత్తిపీట వదిలేసి పోయి చూసేదాన్ని. ఆమె గోడకు ఆనుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి కూర్చుని ఉండేది. నన్ను చూడగానే పంపు తీసి నోట్లో రెండుసార్లు కొట్టుకుని, చెయ్యి ఊపేది, ఏమీ లేదు పో అన్నట్టు.

ఆదివారం తలుపు బార్లా తెరిచి పెట్టుకుని కూర్చున్నాం. మధ్యాహ్నం దాటాక ఫోన్లో మెసేజ్ వచ్చింది. డెలివరీకి వచ్చాము, ఇంట్లో ఎవరూ లేరు.

ఇద్దరం అక్కడే ఉన్నాం. వీధిలోకి కుక్క వచ్చినా కనిపించే చోట ఉన్నాం. అంత తేలిగ్గా, ఎవరూ లేరు అని రాసేశారు. అందులో ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే చాలాసేపు రికార్డు గొంతే మాట్లాడింది. చివరికి ఒక మనిషి దొరికింది. సామాను విరుదునగర్ గోడౌన్‌లోనే ఉందట. రేపో ఎల్లుండో వస్తుందట. మరీ అవసరమైతే ఆధార్ కార్డు పట్టుకుని మీరే వచ్చి తీసుకోవచ్చంది.

సోమవారం పొద్దున కోవిల్‌పట్టి అంగడికి మళ్లీ ఫోన్ చేశాను. "వానాకాలం కదమ్మా, ఆ ఒక్కటీ శుక్రవారమే పోయింది. మళ్లీ బుధవారం వస్తుంది," అన్నారు.

"అత్తా, ఆస్పత్రికి పోదాం లేయండి," అన్నాను.

"ఆస్పత్రి ఏమిటికి? మూచ్చు బాగానే ఉండాది," అంది ఆమె. మూచ్చు అంటే ఊపిరి. "నువ్వు పొయ్యి ఆ మిషన్ ఎత్తుకోని రా. బయపడొద్దు." అని నేను చూస్తుండగానే పంపు ఆడించి నోట్లో కొట్టుకుంది. బుస్సుమంది. ఆ చప్పుడు విని ధైర్యం తెచ్చుకున్నాను. పక్కింటి వదినను ఆమె దగ్గర కూర్చోమని చెప్పి బస్సెక్కాను.

విరుదునగర్‌లో ఆ గోడౌన్ మిరపకాయల మండీల వెనక వీధిలో ఉంది. ఘాటుకు నాకే దగ్గు ఆగలేదు. అక్కడున్నాయన నా ఫోన్ చూసి, కంప్యూటర్ చూసి, తమిళంలో చెప్పాడు, మీ సామాను పొద్దున్నే కోవిల్‌పట్టి బండిలో వెళ్లిపోయిందని.

"ఫోన్లో ఇక్కడే ఉందని చూపిస్తోందే!"

"ఫోన్ అట్లాగే చూపిస్తుందమ్మా," అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. ఆయన వెనక కప్పు దాకా పెట్టెలు పేర్చి ఉన్నాయి. వాటిలో ఎన్ని ఇళ్ల వాళ్లు ఎదురుచూస్తున్నారో ఆయనకెలా తెలుస్తుంది?

బజారు వీధిలోకి వచ్చి, ఆస్పత్రి సామాన్లు అమ్మే అంగడి ఎక్కడని అడుగుతూ పోయాను. చిన్న అంగడి. గల్లాపెట్టె దగ్గర ఒక పెద్దాయన ఉన్నాడు. మిషన్ కావాలనగానే పెట్టె తెరిచి, ప్లగ్గు పెట్టి, గిన్నెలో నీళ్లు పోసి, పొగ వచ్చేదాకా ఆడించి చూపించాడు. ధర ఫోన్లో కంటే ఎక్కువే. నేను డబ్బు తీస్తుంటే ఆయన తీసుకోకుండా అడిగాడు, ఎవరికమ్మా అని. చెప్పాను. ఎన్నాళ్లయింది మిషన్ లేక? ఆరో రోజు. మరి ఇన్నాళ్లూ ఎలా? పంపు ఉంది. రోజుకెన్నిసార్లు? ఎనిమిది, పదిసార్లు. ఆ పంపు ఎప్పుడు కొన్నారు?

"దసరాకు ముందు," అన్నాను.

ఆయన వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. "అమ్మా, అందులో మందు అయిపోయి చాలా రోజులై ఉంటుంది. అయిపోయినా నొక్కితే గాలి బుస్సుమంటుంది."

పొద్దున విన్న బుస్సు చెవుల్లో మోగింది. వదినకు ఫోన్ కలిపాను.

"వదినా, అత్త ఎట్లుండాది?"

"నువ్వు పొయ్యినప్పట్నించి గోడకాన్చుకోనే ఉండాది. పిలిస్తే పలుకుతాది. మాట సగం సగమే వస్తుండాది."

పెద్దాయన నా ఎదుట తన పెదవి మీద వేలు పెట్టి చూపించాడు. నాకు అర్థమైంది.

"వదినా, పెదవులు చూడు. ఏ రంగుండాయి?"

ఆమె వంగి చూసినట్టుంది. తర్వాత వదిన గొంతు మారిపోయింది. "అయ్యో దేవుడా, నేరేడుపండు తిన్నట్టుండాయే!"

అంతదాకా తమిళంలో మాట్లాడిన పెద్దాయన, మా మాటలు విని తెలుగులోకి వచ్చేశాడు. వాళ్లింట్లోనూ తెలుగేనేమో, నేను అడగలేదు. "ఆలస్యం చెయ్యొద్దని చెప్పు తల్లీ. అంబులెన్సో ఆటోనో, ఏది ముందొస్తే దాంట్లో ఎక్కించమను. పండబెట్టొద్దు. కూసోబెట్టే తీసుకుపొమ్మను."

వదినకు అవే మాటలు చెప్పాను. మిషన్ సంచిలో వేసుకుని బస్టాండుకు పరుగెత్తాను. డబ్బు ఇచ్చానో లేదో కూడా గుర్తు లేదు. ఇచ్చే ఉంటాను, చిల్లర నా చేతిలోనే ఉంది.

ఆ బస్సు ప్రయాణం గంట పైన. వదినకు ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. సాత్తూరు దగ్గర వాన పెరిగి బస్సు నెమ్మదించింది. మా ఆయనకు ఏమని చెప్పాలి, ఎవరికి ముందు చెప్పాలి, ఇలాంటి ఆలోచనలు వద్దన్నా వచ్చేవి. అంతలో ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఆస్పత్రి అనుకున్నాను. ఎత్తలేకపోయాను. ఆగి మళ్లీ మోగింది.

"అక్కా, డెలివరీ. మీ ఇంటి ముందే ఉన్నాను," అన్నాడు తమిళంలో ఒకాయన. "తలుపు బార్లా తీసుంది. లోపల ఎవరూ పలకడం లేదు. మెట్ల మీద ఒక చెప్పే పడుంది. సామాను లోపల పెట్టేదా?"

ఒక చెప్పు అన్న మాట దగ్గరే నా ప్రాణం ఆగింది. "అన్నా, మా అత్తకు బాగా లేదు. ఎదురింట్లో అడగండి, ఎట్లా తీసుకుపోయారో అడగండి," అన్నాను. ఆయన ఎవరితోనో మాట్లాడడం వినిపించింది. తిరిగి వచ్చేదాకా నేను ఆగలేకపోయాను.

"బతికే ఉందా?" అని, ముక్కూ మొహం తెలియని మనిషిని అడిగాను.

"ఆటోలో తీసుకుపోయారట అక్కా. కూర్చునే ఎక్కిందట," అన్నాడు. మళ్లీ తనే, "సామాను లోపల పెట్టి, తలుపు దగ్గరికి వేసి, ఎదురింటామెను చూసుకోమంటాను. మీరు ఆస్పత్రికి పోండి," అన్నాడు.

కూర్చునే ఎక్కింది. కోవిల్‌పట్టి చేరేదాకా నేను ఆ రెండు మాటలే అనుకుంటూ వచ్చాను.

ఆస్పత్రిలో అత్త మొహానికి ఆక్సిజన్ మాస్కు ఉంది. రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. వదిన ఫోన్ హడావుడిలో ఇంట్లోనే వదిలేసి వచ్చిందట. డాక్టరమ్మ చిన్న పిల్ల, మా అమ్మాయి కంటే నాలుగేళ్లు పెద్దదేమో. "ఇంతదాకా ఎందుకు ఆగారు?" అని గట్టిగా అడిగింది. నాలుగు రోజులు ఆగితే ఉచితమని ఆగామని ఎట్లా చెప్పను?

రెండు రోజులు ఏమీ చెప్పలేమన్నారు. మా ఆయన లారీ దారిలోనే ఇంకొకరికి అప్పగించి వచ్చాడు. మూడో రోజు పొద్దున అత్త మాస్కు తీసి గంజి తాగింది. అప్పుడు అడిగాను, పంపులో మందు లేదని మీకు తెలీదా అత్తా అని.

"తెలుసు," అంది. "శుక్రవారమే తెలుసు. కొట్టుకుంటే నాలిక మింద చేదు రాలేదు."

"మరి నాకు చెప్పొద్దా?"

"నువ్వు ఒకదానివే ఉండావు. నీకు బయం పెట్టేదెందుకని. రేపొస్తాది, రేపొస్తాది అంటివి గదా."

ఇక నేను దాచుకోలేకపోయాను. ఎనభై తొమ్మిది రూపాయల సంగతి చెప్పేశాను. అది కట్టి ఉంటే గురువారమే మిషన్ వచ్చేదని, కోవిల్‌పట్టికి పోయి కొని ఉంటే బుధవారమే వచ్చేదని చెప్పి ఏడ్చాను. అత్త నా వైపు చూసింది.

"ఇంటికి తెచ్చిచ్చేదానికి వేరే దుడ్డా?" అంది. "నేనైనా ఆ ఊరికే ఇచ్చేదాన్నే నొక్కివుంటాను." అని నవ్వబోయింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు. నేను నర్సును కేకేస్తూ వరండాలోకి పరుగెత్తాను.

ఆ దగ్గు కూడా తగ్గింది. వారానికి ఇంటికి తెచ్చుకున్నాం. ఫోన్లో కొన్న మిషన్‌ను వెనక్కి పంపేశాం. వాళ్లు డబ్బు తిరిగి ఇచ్చారు, అడ్డం చెప్పలేదు. ఇప్పటికీ నేను చీరలు, కుక్కరు గాస్కెట్లు, అమ్మాయికి చెప్పులు ఫోన్లోనే కొంటాను, ఉచితం ఉంటే ఉచితమే నొక్కుతాను. మందులు మాత్రం మనిషి ఎదురుగా ఉండే అంగడిలోనే కొంటాను. అదైనా అక్కరకు దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఆ సోమవారం కోవిల్‌పట్టి అంగడిలోనూ దొరకలేదు కదా.

మరుసటి ఏడు వానలు మొదలైన వారానికే, ఒక పొద్దున అత్త తనంతట తానే నా దగ్గరికి వచ్చింది.

"పాపా, రొమ్ము బిగిసింది. ఆస్పత్రికి పోదాం రా," అంది.

మొదటి బస్సుకే బయల్దేరాం. కిటికీ పక్కన ఆమె నెమ్మదిగా కూర్చుంది. నేను మాత్రం కోవిల్‌పట్టి వచ్చేదాకా ఆమె పెదవుల వైపే చూస్తూ కూర్చున్నాను.