'ఆ తర్వాత' మాస్టారు

టైలర్ మాస్టారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి, సైకిలు ఎంచుకోవడం. కొనడం కాదు, ఎంచుకోవడం. మూడేళ్లుగా ప్రతి శనివారం పొద్దున్నే, మెడలో టేపుతో సహా, సైకిళ్ల షాపుకొచ్చి ఎంచుకుంటూనే ఉన్నారు. ఇన్నాళ్లకీ ఆయన కొన్నది ఒక్క బెల్లు. అదీ మర్నాడే తిరిగిచ్చేశారు, మోత బాలేదని.

షాపు నడిపే ఆవిడకి మొదట్లో మహా సంబరంగా ఉండేది. నాలుగు రోజుల్లో వెయ్యి కిలోమీటర్లు తొక్కడానికి సైకిలు అడిగిన మనిషి ఆ వీధిలో ఇంకొకరు లేరు మరి. ఆయన ఎత్తుకి సరిపోయేది దొరికింది కూడా. నీలం రంగుది, స్టీలు ఫ్రేము, కాస్త వెడల్పు టైర్లు.

మాస్టారు దాన్ని స్టాండుకెక్కించి, కళ్లు మూసుకుని గంటసేపు తొక్కేవారు. షాపులోనే. మధ్యలో అరటిపండు తినేవారు. ఎదురుగాలి వచ్చిందనుకుంటే నడుం వంచేవారు. కొత్తగా వచ్చినవాళ్లు పక్కకి తప్పుకుని దారిచ్చేవారు.

"ఎలా ఉంది మాస్టారూ?"

"బంగారంలా ఉందమ్మా, ఆరువందల కిలోమీటర్ల దాకా."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత మెడ పట్టేస్తుంది."

ఆవిడ హ్యాండిల్ ఎత్తు పెంచింది. మరుసటి వారం ఏడువందల దగ్గర వేళ్లు తిమ్మిరెక్కాయి. సీటు మార్చింది. ఎనిమిదివందల ఇరవై దగ్గర నడుం పోయింది.

"ఆ ఇరవై ఏమిటండీ, అంత లెక్కగా?"

"అక్కడ పెద్ద కొండ ఎక్కాలమ్మా!"

అలా ఆయన పేరే 'ఆ తర్వాత' మాస్టారు అయిపోయింది. వెళ్లేముందు మాత్రం ఆ నీలం సైకిలు మీద చెయ్యేసి కాసేపు అలాగే నిలబడేవారు. అది చూస్తే ఆవిడకి నవ్వు ఆగిపోయేది. ప్రాణమంతా దాని మీదే ఉంది, మరి ఎందుకు తీసుకోరు?

ఓ శనివారం ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చి నీలందే చూపించమన్నాడు. మాస్టారు అప్పటికి దాని మీద నాలుగువందల కిలోమీటర్లు వెళ్లిపోయారు.

"కాస్త దిగండి మాస్టారూ."

"ఇక్కడెలా దిగమంటావమ్మా? చుట్టుపక్కల ఊరే లేదు."

బ్యాంకాయన నవ్వుకుని వెళ్లిపోయాడు. ఆవిడకి ఒళ్లు మండింది. "కొనరు, ఇంకొకర్ని కొననివ్వరు. ఏదో ఒకటి తేల్చండి" అంది.

మాస్టారు గబగబా దిగి వెళ్లిపోయారు. ఆ తొందరలో ఆయన నోటుబుక్కు బల్ల మీదే ఉండిపోయింది. సీటు కొలతలేమోనని ఆవిడ తెరిచింది. ప్రతి శనివారానికీ ఒక వరస. 'మడమకీ పిరుదుకీ మధ్య పద్దెనిమిది అంగుళాలు. పదిహేడున్నర. పదిహేడున్నర, ఏడ్చాడు. పదహారు, ఎనిమిదివందల ఇరవై దగ్గర నవ్వాడు.'

పుస్తకం ఇచ్చి వద్దామని టైలరింగ్ షాపుకి వెళ్లింది. వెనక గదిలో ఆయన బావమరిది, పోస్ట్‌మన్, మంచం మీద బోర్లా పడుకుని మోకాలు మడుస్తున్నాడు. మాస్టారు టేపు పట్టుకుని పక్కనే కూర్చున్నారు.

"ఇవాళ ఎంత దూరం వెళ్లావు బావా?"

"ముందు మడువు, చెప్తాను. ఇంకో అర అంగుళం."

మూడేళ్ల కిందట లారీ గుద్ది ఆ కాలు మూడుచోట్ల విరిగి, మోకాలు బిగుసుకుపోయిందట. వెయ్యి కిలోమీటర్లూ కలిసి వెళ్లాలనుకున్నది ఈ ఇద్దరే.

మాస్టారు గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించారు. "నేను కొనేశానంటే వాడొక్కడే వెనకపడిపోయినట్టు కదమ్మా. ఎంచుకుంటున్నంతసేపూ ఇద్దరం బయల్దేరబోతున్నట్టే ఉంటుంది."

ఆవిడ షాపుకి వెళ్లగానే నీలం సైకిలుకి 'అమ్మేశాం' అని చీటీ కట్టింది.

ఎనిమిది నెలలకి ఇద్దరూ కలిసి వచ్చారు. బావమరిది నీలం సైకిలెక్కాడు. పెడలు పైదాకా వచ్చి ఆగింది. పళ్లు బిగబట్టాడు. చుట్టు పూర్తయింది. ఇంకో చుట్టు తిరిగింది. మాస్టారు మెడలో టేపు తీసి జేబులో పెట్టుకున్నారు.

"అమ్మాయ్, ఇలాంటిదే ఇంకోటి తెప్పించు. రెండూ తీసుకుంటాం."

"మరి ఆరువందల తర్వాత మెడ?"

"పట్టేస్తే పట్టెయ్యనీ. పక్కన వీడున్నాడుగా!"

ఆవిడ ఆనందంగా బిల్లు పుస్తకం తీసింది.

"ఉండండుండండి" అన్నాడు బావమరిది, కళ్లు మూసుకుని తొక్కుతూనే. "బాగానే ఉంది బావా, నాలుగువందల దాకా. ఆ తర్వాత..."

ఆవిడ బిల్లు పుస్తకం మూసేసి, రెండు అరటిపళ్లు తెచ్చి వాళ్ల పక్కన పెట్టింది.