లోగోలో సాగిన ముఖం

2022లో, కడపలోని నా వెబ్ డిజైన్ ఆఫీసుకు బద్వేలు నుంచి సుధాకర్ వచ్చాడు. వాళ్లది నూనె గానుగ. ఏడాది కిందట చనిపోయిన తండ్రి ముఖమే లోగోగా ఉండాలన్నాడు. చర్చిలో జరిగే జ్ఞాపకార్థ కూడికలో వెబ్‌సైటు మొదలుపెడతారు. వచ్చినవాళ్లంతా ఫోన్లలో తెరిచి చూస్తారు.

“ఇంగా పెద్దది చెయ్యండి మేడం” అని మూడుసార్లు అడిగాడు. మావైపు ఫ్లెక్సీల అలవాటు అది: గౌరవం ఎంతుంటే బొమ్మ అంత.

“ఇది సర్కిల్లో కట్టే ఫ్లెక్సీ కాదప్పా” అన్నా వినలేదు. సరేనని ఎత్తూ వెడల్పూ 300 పిక్సెల్స్ పెట్టాను. ఫోనులో తెరంతా లోగోనే! పేజీలో ఏది ఎంత ఉండాలో చెప్పే సీఎస్ఎస్‌లో, ఫోన్ల వరకు ఎత్తు ఒక్కటే 150కి తగ్గించి, చిరాకులో మళ్లీ చూడకుండా పంపేశాను.

కూడికకు ముందురోజు పొద్దున ఫోను చేశాడు. “మేడం, మా నాయన మొగం ఏందో మాదిరి ఉండాది.”

“మీ ఫోను పాతదైతే నేనేం చేసేదప్పా?” అని పెట్టేశాను.

మధ్యాహ్నానికి తల్లి రత్నమ్మను వెంటబెట్టుకుని దిగాడు. ఆమె కూర్చోకుండానే ఫోను నా బల్లమీద పెట్టింది.

“ఈయప్ప ఎవరు?”

“మీ ఆయనే కదమ్మా.”

“నా మొగునికి రొట్టె మాదిరి మొగం యాడిది? రేపు చర్చిలో అందరికీ దీన్ని చూపిచ్చాల్నా? తీసెయ్. ఏమీ లేకుంటేనే మేలు.”

చూశాను. దవడలు రెండువైపులా సాగి ఉన్నాయి. ఎత్తు తగ్గింది, వెడల్పు 300 దగ్గరే ఉండిపోయింది.

“తప్పు ఫోనుది కాదమ్మా, నాది” అన్నాను. నా నోట ఆ మాట రావడం అరుదు.

వెడల్పు 150 చేసి, ఎత్తు దగ్గర ‘ఆటో’ అని రాశాను. వెడల్పు నేను చెబుతాను, దానికి తగిన ఎత్తు నువ్వే చూసుకోమని బ్రౌజరుకు వదిలేయడమన్నమాట.

రత్నమ్మ ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

“ఆఁ, ఈయప్పే. ఇంగ రోంత చిన్నది చెయ్.”

“చిన్నదా? అదేందిమా!” అన్నాడు సుధాకర్.

“ఎవురి పెండ్లికి పోయినా ఫోటోలో వెనక వరసలో నిలబడే మనిషిరా మీ నాయన. శానా సిగ్గు.”

120 చేశాను.

అప్పటినుంచి లోగోకు ఒక్క కొలతే ఇస్తున్నాను. తేడా ఉందని ఎవరైనా అంటే ముందు వాళ్ల ఫోను తీసుకుని చూస్తాను. వాదించడం మానేశానా అంటే, లేదు. చూశాక వాదిస్తాను.