తోడల్లుళ్ళ విమానం

మా తోడల్లుడు విమానం దింపితే చక్రాలు నేలను ఎప్పుడు తాకాయో పక్క సీట్లో కూర్చున్నవాళ్ళకి కూడా తెలియదు. నేను దింపితే అది కప్పలా మూడు గంతులేస్తే గానీ ఆగదు. ఈ సంగతి నాకు తెలుసు, అతనికి తెలుసు, మా ఆవిడకి తెలుసు, ఆవిడ చెల్లెలికైతే మరీ బాగా తెలుసు. "గాలి అడ్డంగా కొట్టిందే" అని నేను సంజాయిషీ చెప్పుకోబోతే మా ఆవిడ మూతి బిగించి నవ్వుతుంది. "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట" అంటుంది. మొగుడి పరువు తీయాలంటే ఆవిడ దగ్గర సామెతలకు కొదవ ఉండదు.

ఆ విమానం మా ఇద్దరిదీ. వయసులో నాకన్నా మూడేళ్ళు పెద్దది. ఒకటే ఇంజను, నాలుగు సీట్లు, నెత్తి మీద రెక్కలు. సొంత దేశం వెళ్ళిపోతున్న ఒక ముసలి ఆస్ట్రేలియా పైలట్ దగ్గర మొదట నేనొక్కణ్ణే కొన్నాను. షిప్‌యార్డులో ఎలక్ట్రికల్ సూపర్‌వైజరుగా పనిచేసేవాడికి విమానం ఏమిటని అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, దాన్ని ఒంటిచేత్తో మోయడం నావల్ల కాలేదు. ఐదేళ్ళ కిందట సగం వాటా మా తోడల్లుడికి ఇచ్చాను. అక్కడే చేశాను పొరపాటు. అతను నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్న, బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాకు పైలట్ లైసెన్సు రావడానికి నాలుగేళ్ళు పట్టింది. అతనికి పది నెలలు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని పెద్దలు ఊరికే అన్నారా!

సింగపూర్ గాలిలో ఉప్పూ తేమా కలిసి ఉంటాయి. పాత అల్యూమినియాన్ని అవి చెదల్లా తినేస్తాయి. అందుకని శనివారం వస్తే నేను పొద్దున్నే జురాంగ్ ఈస్ట్‌లో ట్రైన్ ఎక్కేవాణ్ణి. ఆంగ్ మో కియోలో మా ఇంజనీరు అంకుల్ కలిసేవాడు. ఇద్దరం బస్సులో సెలెతార్ ఎయిర్‌పోర్టుకి, మా విమానం ఉండే హ్యాంగరు షెడ్డుకి వెళ్ళేవాళ్ళం. అంకుల్ వాళ్ళ ముత్తాత తెల్లదొరల కాలంలో విశాఖపట్నంలో ఓడెక్కి వచ్చినవాడు. ఆయన తెలుగులో సగం అరవం, పావు మలయ్ ఉంటాయి. డెబ్భై దాటినా లైసెన్సున్న ఇంజనీరు. చట్టం ప్రకారం ఓనరు తన చేత్తో చేసుకోగలిగినవి చిన్న చిన్న పనులే. ఆయిల్ మార్చుకోవచ్చు, స్పార్క్ ప్లగ్గులు తీసి తోముకోవచ్చు, టైర్లు చూసుకోవచ్చు. మిగతావన్నీ అంకుల్ చెయ్యాలి, లేదా ఆయన కళ్ళ ముందు నేను చెయ్యాలి. ఆయన సంతకం లేకుండా విమానం హ్యాంగర్ దాటి కదలడానికి లేదు.

ప్లగ్గుల్లోంచి సీసపు పూసలు గీకింది నేను. వాడేసిన ఆయిల్ ఫిల్టర్ కోసి, మడతల్లో ఇనప రజను తళుక్కుమంటుందేమోనని ఎండలో పట్టుకుని చూసింది నేను. వెల్లకిలా పడుకుని దాని పొట్ట కింది జిడ్డు తుడిచింది నేను. దానికి స్నానం కూడా నేనే చేయించేవాణ్ణి. ఎడమ తలుపు ముందు గుండుసూది తలంత చిల్లు ఒకటి ఉంటుంది. బయటి గాలి ఒత్తిడి దాంట్లోంచి లోపలికి వెళ్తేనే ఎంత ఎత్తులో ఉన్నామో, ఎంత వేగంలో ఉన్నామో తెలిసేది. కడిగే ముందు దానికి ఎర్ర టేపు అంటించాలి, కడిగాక పీకెయ్యాలి. ఆ టేపు ఒక్కసారి కూడా మరిచిపోలేదు.

నేను ఇవన్నీ ముగించి చేతులు కడుక్కునే వేళకి మా తోడల్లుడు సెరంగూన్ నుంచి పావుగంటలో కారులో దిగేవాడు. ఇస్త్రీ చొక్కా, నల్ల కళ్ళద్దాలు. "అబ్బ, అద్దంలా మెరుస్తోంది అన్నయ్యా!" అని ఒక మెచ్చుకోలు పారేసి, ఎక్కి ఎగిరిపోయేవాడు. సాయంత్రానికి ఫోటోలు ఫ్యామిలీ గ్రూపులో పడేవి. కింద మా అత్తగారు కాకినాడ నుంచి పువ్వుల బొమ్మలు పెట్టేవారు. సొమ్మొకడిది, సోకొకడిది. నేను దిగిన ఫోటోకి ఆవిడ ఒకేసారి జవాబిచ్చారు. "చేతులకి ఆ మసేమిటి బాబూ?" అని.

కుళ్ళుకున్నాను. ఇందులో దాచడానికేముంది? రాత్రి అన్నంలో మజ్జిగ పోసుకుంటూ కూడా కుళ్ళుకున్నాను. అతను మంచివాడు కాకపోతే కాస్త సుఖంగా కుళ్ళుకునేవాణ్ణి. మంచివాడు కావడంతో ఆ సుఖం కూడా లేకపోయింది.

నిరుడు విమానంలో గుండ్రటి పాత డయల్స్ మొరాయించడం మొదలుపెట్టాయి. వాటిని తిప్పే పంపు అరిగిపోయింది, కొత్తది దొరకడం లేదు. డయల్స్ అన్నీ పీకేసి ఒకే డిజిటల్ స్క్రీన్ పెట్టిద్దామన్నాడు మా తోడల్లుడు. నేను ససేమిరా అన్నాను. ముసలమ్మకి కాటుక దిద్దినట్టుంటుందని వెక్కిరించాను.

అంకుల్ గడ్డం గోక్కుని, "చిన్నవాడు చెప్పేదే కరెక్టు లా తంబీ. పాత సామాను ఇంక దొరకదు. స్క్రీన్ పెట్టేద్దాం, బోలే" అన్నాడు. మాటకి లా అని తోక తగిలించడం సింగపూర్‌వాళ్ళ అలవాటు. బోలే అంటే మలయ్‌లో సరే, కుదురుతుంది అని. నాకు కుదరలేదు. ఒళ్ళు మండిపోయింది. శనివారాలన్నీ ఆయన పక్కన మసి పూసుకున్నది నేనైతే, ఆయన కూడా అతని వైపే!

పని మాత్రం మళ్ళీ నాదే. వరసగా ఆరు శనివారాలు కాళ్ళు సీటు మీద, తల పెడల్స్ కింద పెట్టి వెల్లకిలా పడుకుని, గుడ్డ చుట్టిన పాతకాలపు వైర్లు ఒక్కొక్కటే విప్పి కొత్తవి లాగాను. అంకుల్ టార్చి పట్టి ప్రతి ముడీ చూశాడు. చివరికి స్క్రీన్ నీలంగా వెలిగిన రోజున హ్యాంగర్లోని పక్క విమానాలవాళ్ళు వచ్చి మా తోడల్లుడికి షేక్‌హ్యాండ్ ఇచ్చారు. ఐడియా అతనిది కదా మరి!

ఇంక మిగిలింది మొదటి ఫ్లైట్. అది నాదేనని నాలో నేను తీర్మానించుకున్నాను. గంతులేస్తూ దించినా సరే, ఆ ఒక్కటీ నాకు కావాలి. పదకొండేళ్ళ చాకిరీకి ఇంకేమీ అడగలేదు నేను.

సరిగ్గా అప్పుడే మా అత్తగారు సింగపూర్ వచ్చారు. కొత్త సామాను పెట్టిన వాహనాన్ని పూజ చెయ్యకుండా ఎలా తీస్తారన్నారు. పాసులు రాయించి ఆడవాళ్ళనీ పిల్లల్నీ హ్యాంగరుకి తీసుకొచ్చాం. టెంకాయ లోపల కొడతామంటే అంకుల్ ఒప్పుకోలేదు. "ఐయో పాటీ, చిన్న చిప్ప ముక్క ఇంజన్లోకి పోతే కథ ముగిసిపోతుంది" అని అత్తగారిని కాలువ దగ్గరికి నడిపించాడు. పాటీ అంటే అరవంలో అమ్మమ్మ. టెంకాయ ఎవరు కొట్టాలి? పెద్దల్లుణ్ణి నేను. చెయ్యి చాచాను కూడా. అత్తగారు నా చేతిలో పసుపు గిన్నె పెట్టి, టెంకాయ మా తోడల్లుడికిచ్చారు.

"మీరు బొట్లు పెట్టండి బాబూ. ఆయన చెయ్యి మంచిది" అన్నారు.

అంటే నా చెయ్యి చెడ్డదా? అప్పుడే అయిందా, లేదు. కారుకి నాలుగు చక్రాలని నాలుగు నిమ్మకాయలు తెచ్చారావిడ. విమానానికి మూడే. మిగిలిన కాయ తీసి దిష్టి తగలకుండా చిన్నల్లుడి జేబులో వేశారు. మా అమ్మాయి పదిహేనేళ్ళది, నా మొహం చూసి, "డాడీ, ఒక నిమ్మకాయకి జెలసీయా? కమాన్ లా!" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టు నటించాను.

ఆ ఉక్రోషంతో గిన్నెలో ఉన్న పసుపు ముద్దంతా దాని ఒంటికి పులిమేశాను. ముక్కు మీద, తలుపు మీద, తలుపు ముందు, రెక్కల ఊచల మీద. బొట్టు పెట్టినట్టు లేదు, గోడకి పిడకలు కొట్టినట్టుంది. ఎక్కడ పెడుతున్నానో చూసుకోలేదు. కళ్ళు విమానం మీద ఉన్నాయి గానీ మనసంతా ఆ జేబులోని నిమ్మకాయ మీదే ఉంది.

"మరి మొదట ఎవరు?" అని అడిగింది మా మరదలు.

"అన్నయ్యే" అన్నాడు మా తోడల్లుడు వెంటనే. "కష్టమంతా అన్నయ్యది."

"చిన్నల్లుడుగారే వెళ్తే నాకు గుండె దడ ఉండదు" అన్నారు అత్తగారు.

అప్పుడు నేను నోరు మూసుకుని ఎక్కి కూర్చుని ఉంటే సరిపోయేది. అతను దానమిస్తే పుచ్చుకోవడమా? "నువ్వే వెళ్ళవయ్యా, నాకేం సరదా లేదు" అన్నాను. అతను రెండుసార్లు బతిమాలాడు. నేను మొహం తిప్పుకున్నాను. ఎక్కే ముందు పద్ధతి ప్రకారం విమానం చుట్టూ తిరిగి చూశాడు గానీ, ఎడమ పక్కన ఆడవాళ్ళు ఫోటోలకి నిలబడి ఉన్నారు. బొట్లు చూసి నవ్వి వాళ్ళ పక్కనుంచి వెళ్ళిపోయాడు.

విమానం మెల్లగా రన్‌వే వైపు దొర్లుతోంది. చేతి రేడియో నా దగ్గరే ఉంది. వినడానికే ఉంచుకున్నా, బటన్ నొక్కితే మాట్లాడనూ వచ్చు. చేతికంటిన పసుపు తుడుచుకుందామని వేళ్ళు చూసుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. తలుపు ముందు. ఎర్ర టేపు అంటించే చోటు. వేలితో అదిమి మరీ పెట్టాను. ఆ ఎండకి ఈపాటికి అది ఎండి గట్టిపడి ఉంటుంది.

అతని ముందు ఒక జెట్ ఆగి ఉంది. అంటే నాకు నాలుగైదు నిమిషాల టైముంది. బటన్ నొక్కి ఆగమంటే చాలు. నొక్కలేదు.

సరిగ్గా చిల్లు మీదే పెట్టానా, పక్కన పెట్టానా అని నాతో నేనే వాదన పెట్టుకున్నాను. గాలికి రాలిపోతుందిలే అనుకున్నాను. ఇవన్నీ దొంగ మాటలు. అసలు మాట వేరే ఉంది. ఎక్కనీ, ఆ స్క్రీన్ పిచ్చి అంకెలు చూపించనీ, బెదిరి తిరిగి రానీ. అందరి ముందూ ఒక్కసారి, ఒకే ఒక్కసారి తల దించుకోనీ. అత్తగారు కళ్ళారా చూడనీ. ఇదీ నేను కోరుకున్నది. ఆ చిల్లు మూసుకుపోతే పైకి ఎక్కేకొద్దీ వేగం పడిపోతున్నట్టు చూపిస్తుందనీ, దాన్ని నమ్మి కంగారులో ముక్కు కిందికి దించితే అంత తక్కువ ఎత్తులో నేల ఎంతో దూరం ఉండదనీ నాకు తెలుసు. తెలిసే నిలబడ్డాను.

జెట్ వెళ్ళిపోయింది. మా విమానం పరుగెత్తి లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇరవై సెకన్లు కూడా కాలేదు, రేడియోలో అతని గొంతు. ఇంగ్లీషులో టవర్‌కి చెబుతున్నాడు, స్పీడు పడిపోతోంది, సున్నాకి వస్తోంది అని. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. విమానం ముక్కు కొద్దిగా వంగడం కింద నుంచి కనిపించింది. మా మరదలు నా భుజం పట్టుకుంది.

అప్పుడు నొక్కాను.

"తమ్ముడూ! ముక్కు దించకు! స్పీడు చూడొద్దు, అది అబద్ధం! తలుపు ముందు చిల్లు మూసుకుపోయింది. పవర్ అలాగే ఉంచు, కళ్ళతో చూసి తిరిగొచ్చెయ్! ఏం భయం లేదు, నేనున్నా!"

"సరే అన్నయ్యా" అన్నాడు. ముక్కు లేచింది. సముద్రం వైపు ఒక చుట్టు తిరిగి వచ్చి దిగాడు. ఎప్పటిలాగే చప్పుడు లేకుండా.

ఇంజను ఆపి దిగుతూనే వచ్చి నన్ను కావలించుకున్నాడు. చొక్కా తడిసి ముద్దయింది. "ముక్కు దించేస్తున్నాను అన్నయ్యా. నీ మాట వినపడకపోతే పోయేవాణ్ణి. చుట్టూ తిరిగి సరిగ్గా చూసుకోకపోవడం నా తప్పు" అన్నాడు. మా మరదలు ఏడుస్తూ నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. మా ఆవిడ నావైపు చూసిన చూపు పెళ్ళయిన కొత్తలో చూసినది. అత్తగారు మసి, పసుపు అని చూడకుండా నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నారు.

"ఇల్లు నిలబెట్టారు బాబూ. పెద్దల్లుడంటే మీరు" అన్నారు.

ఇన్నేళ్ళూ ఆ మాట కోసమే కదా మొహం వాచిపోయాను. చెప్పేద్దామని నోరు తెరిచాను. ఒట్టు, తెరిచాను. "అదేం పెద్ద పని కాదండీ" అని వచ్చింది బయటికి.

అందరూ కార్ల వైపు వెళ్ళాక అంకుల్ తడిగుడ్డతో ఆ పసుపు తుడుస్తూ నన్ను పిలిచాడు.

"వాడు స్పీడు పోయిందని మాత్రమే చెప్పినాడు తంబీ. అప్పుడు స్పీడు కొలిచే గొట్టంలో, అదే రెక్క కింద ఉండేదాంట్లో, పురుగు దూరిందని కదా ఎవరైనా ముందు అనుకునేది. నువ్వు ఈ చిల్లు అని ఎట్లా చెప్పినావు?"

"అనుభవం అంకుల్" అన్నాను.

ఆయన గుడ్డ పిండుకుని లోపలికి వెళ్ళిపోయాడు. తర్వాతి శనివారం ఆంగ్ మో కియోలో ట్రైన్ దిగి చూస్తే ఆయన లేడు. అంతకు ముందు బస్సులోనే వెళ్ళిపోయాడట.

మా తోడల్లుడు ఇప్పుడు నన్నడగందే విమానం తలుపు కూడా తియ్యడు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఆ కథ అతనే చెబుతాడు. నా గొంతు అనుకరిస్తూ, "ఏం భయం లేదు, నేనున్నా!" అంటాడు. అందరూ నావైపు తిరుగుతారు. అత్తగారు కాకినాడలో ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెబుతున్నారట. అతని మీద కుళ్ళు ఆ రోజుతో పోయింది. ఇప్పుడు వాళ్ళ కథలో ఒక పెద్దల్లుడున్నాడు, తమ్ముడు గాల్లో ఉంటే కింద తన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడినవాడు. వాడి పేరెత్తితే చాలు, నాకు కడుపులో మంట.